అన్యాయం ఎంతవరకు రాగలదు?



మనిషికి కష్టాలు రకరకాలుగా వస్తాయి. జబ్బు చేస్తుంది. పంట పోతుంది. అయినవాళ్లు దూరమవుతారు. ఏడుస్తాం, కొన్నాళ్లకు తేరుకుంటాం. కానీ అన్యాయం వల్ల వచ్చిన కష్టం అంత తొందరగా తగ్గదు. అందులో నష్టంతో పాటు ఇంకో మంట కూడా ఉంటుంది. ఒక మనిషి కావాలనే చేశాడన్న మంట. నలుగురూ చూస్తూ ఊరుకున్నారన్న మంట. అన్నం సయించదు. రాత్రి నిద్ర పట్టదు. జరిగినదే మనసులో మళ్లీ మళ్లీ తిరుగుతుంది.

అలాంటి రాత్రి, ఎప్పుడో వందల ఏళ్ల కిందటి తత్త్వశాస్త్రం మనకు ఆసరా అవుతుందా? అవుతుందనే నా నమ్మకం. ఎలా అవుతుందో చెప్పడానికి ఈరోజు ఒక మనిషి కథ చెప్తాను. ఆయన చేయని నేరానికి చెరసాలలో పడ్డాడు. మరణశిక్ష మీద పడబోతుండగా, అక్కడే కూర్చుని ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరుకు అర్థం, తత్త్వశాస్త్రం ఇచ్చిన ఓదార్పు. ఆయన పేరు బొయీథియస్.

బొయీథియస్ది ఇటలీ దేశం. దాదాపు సామాన్యశకం 480లో రోములో పుట్టాడు. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 476లో, పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు చివరి చక్రవర్తిని గద్దె దించేశారు. బొయీథియస్ పెద్దవాడయ్యేసరికి ఇటలీని ఏలుతున్నది థియోడోరిక్ అనే గోతు జాతి రాజు. రాజధాని రవెన్నా నగరం.

బొయీథియస్‌కు చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సిమ్మాకస్ అనే పెద్దమనిషి చేరదీసి పెంచాడు. చదువు చెప్పించాడు. తన కూతురు రుస్తిసియానాను ఇచ్చి పెళ్లి చేశాడు. బొయీథియస్ గ్రీకు భాషను క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. ప్లేటో, అరిస్టాటిల్ అనే గ్రీకు తత్త్వవేత్తలు రాసినవన్నీ లాటిన్‌లోకి తేవాలని సంకల్పం పెట్టుకున్నాడు. అరిస్టాటిల్ తర్కగ్రంథాల్లో చాలావాటిని తెచ్చాడు కూడా. గణితం మీద రాశాడు. సంగీతం మీద రాశాడు.

పదవులూ వచ్చాయి. 510లో కాన్సల్ అయ్యాడు. రోములో అంతకు మించిన గౌరవం లేదు. 522లో ఆయన కొడుకులిద్దరూ ఒకేసారి కాన్సల్స్ అయ్యారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు కొడుకులు, ఒకే రోజు, ఊరేగింపుగా సెనేట్ అనే పెద్దల సభకు వెళ్లారు. ఆ తండ్రి సంతోషం ఎంతటిదో ఊహించుకోండి. ఆ రోజుల్లోనే రాజు కొలువులో ఎంతో పెద్ద అధికారం కూడా ఆయన చేతికి వచ్చింది.

ఆ తర్వాత కొద్దికాలానికే అంతా తలకిందులైంది.

అల్బినస్ అనే సెనేటర్ మీద ఒక నేరం మోపారు. తూర్పున కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న చక్రవర్తికి రహస్యంగా ఉత్తరాలు రాశాడని ఆ ఆరోపణ. అంటే రాజద్రోహం. బొయీథియస్ రాజు ఎదుట లేచి నిలబడ్డాడు. ఇది అబద్ధమన్నాడు. అల్బినస్ తప్పు చేసి ఉంటే తానూ చేసినట్టే, సెనేట్ మొత్తం చేసినట్టే అన్నాడు. ఒకరి కోసం నోరు విప్పాడు. అంతే. ఆ నేరం తిరిగి ఆయన మీదికే వచ్చింది.

సాక్ష్యం చెప్పింది ఎలాంటివాళ్లో ఆయనే రాసుకున్నాడు. ఒకడు అంతకుముందే రాజు కొలువు నుంచి తొలగించబడ్డవాడు, అప్పుల్లో మునిగినవాడు. ఇంకో ఇద్దరు మోసాలు చేసి పట్టుబడ్డవాళ్లు. ఫలానా రోజులోగా రవెన్నా విడిచి పోకపోతే నుదుటి మీద వాతలు పెట్టిస్తానని రాజే వాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటివాళ్లు బొయీథియస్ మీద ఫిర్యాదు చేస్తే, అదే రోజు ఆ ఫిర్యాదు తీసుకున్నారు. నకిలీ ఉత్తరాలు పుట్టించారు. తత్త్వం చదువుతాడు కాబట్టి క్షుద్రవిద్యలు చేస్తాడన్న నింద కూడా వేశారు. ఆయన మాట ఎవరూ వినలేదు. దాదాపు 500 మైళ్ల దూరంలో ఆయన ఉండగానే తీర్పు చెప్పేశారు. ఏ సెనేట్ కోసం నిలబడ్డాడో ఆ సెనేటే ఆయన్ని దోషి అంది.

ఉత్తర ఇటలీలో పావియా అనే ఊళ్లో ఆయన్ని బంధించారు. అక్కడే ఆ పుస్తకం రాశాడు.

శ్రోతలారా, ఇప్పుడు ఆ పుస్తకంలోకి వెళ్దాం.

మొదట్లో బొయీథియస్ ఏడుస్తూ ఉంటాడు. ఏడుస్తూ పద్యాలు రాసుకుంటూ ఉంటాడు. అప్పుడు ఒక స్త్రీ ఆయన తల దగ్గర వచ్చి నిలబడుతుంది. చూస్తే ఎంతో వయసు పైబడిన మనిషిలా ఉంటుంది. కళ్లు మాత్రం నిప్పుల్లా మెరుస్తుంటాయి. ఆమె కట్టుకున్న వస్త్రం ఆమే స్వయంగా నేసుకున్నది. సన్నటి దారం. అయితే అక్కడక్కడ చిరిగిపోయి ఉంటుంది. ఆమె పూర్తిగా తమకే సొంతమని వాదులాడుకున్నవాళ్లు, తలా ఒక ముక్క చింపుకుని పోయారట. ఆమే తత్త్వశాస్త్రం. చిన్నప్పుడు తన పాలు తాగి పెరిగినవాడివి నువ్వు కావా అని ఆయన్ని అడుగుతుంది. కాబట్టి మనం ఆమెను తల్లి అనే అందాం.

ఆ తల్లి ఏం చేసిందో గమనించండి. వాదనలతో మొదలుపెట్టలేదు. తన వస్త్రపు అంచుతో ఆయన కన్నీళ్లు తుడిచింది. తర్వాత, నీ గాయం ఏమిటో దాచకుండా చెప్పమంది. వైద్యం కావాలంటే గాయం చూపించాలి కదా అంది.

ఆయన చెప్పాడు. పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరు ఏం చేశారో, పేర్లతో సహా చెప్పాడు. తాను ఎవరెవరిని కాపాడాడో చెప్పాడు. ఒకసారి కరువు కాలంలో అధికారులు కంపానియా ప్రాంతపు రైతుల ధాన్యాన్ని బలవంతంగా కొనబోతే, రాజు దగ్గర వాదించి ఆపించాడు. అదీ చెప్పాడు. చివరికి ఒక మాట అన్నాడు. దెబ్బ తిన్నవాడి మీద పడే ఆఖరి బరువు ఏమిటంటే, వాడికి తగిన శాస్తే జరిగిందని లోకం అనుకోవడం అన్నాడు.

ఈ మాట మనకు కొత్త కాదు. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లు అనరూ? ఏదో చేసే ఉంటాడు, ఊరికే అంటారా అనరూ? దెబ్బ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి. 1,500 ఏళ్ల కిందట ఇటలీలో ఒక చెరసాలలో ఉన్న మనిషిదీ అదే నొప్పి.

ఆ తల్లి ఆయన్ని మధ్యలో ఆపలేదు. అన్నీ విన్నది. ఇది మనం పట్టుకోవలసిన మొదటి సంగతి. ఓదార్పు అంటే నోరు మూయించడం కాదు. ముందు వినడం. అన్యాయాన్ని అన్యాయం అని చెప్పనివ్వడం.

విన్నాక ఆమె ఒక ప్రశ్న వేసింది. నువ్వెవరివో నీకు గుర్తుందా అని అడిగింది. మనిషిని, ఆలోచన గల ప్రాణిని, చావు ఉన్నవాడిని అన్నాడు. ఇంకేమీ కావా అని మళ్లీ అడిగింది. ఇంకేమీ కాను అన్నాడు. అప్పుడు ఆమె రోగం దొరికింది అంది. నువ్వెవరివో నువ్వే మరిచిపోయావు, అదే నీ జబ్బు అంది.

శ్రోతలారా, ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయమంతా ఇక్కడే ఉంది. అన్యాయం మనకు రెండు నష్టాలు చేస్తుంది. మొదటిది బయటి నష్టం. ఉద్యోగం పోతుంది, పొలం పోతుంది, పేరు పోతుంది. రెండోది లోపలి నష్టం. అన్యాయం చేసినవాడు మన గురించి చెప్పిన మాటను మనమే నమ్మడం మొదలుపెడతాం. లేదా వాడి మీద పగతో, మనం వాడిలాగే తయారవుతాం. రెండు దారుల్లోనూ మనమెవరమో మరిచిపోతాం. బయటి నష్టాన్ని పూడ్చడం ఒక్కోసారి మన చేతిలో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. లోపలి నష్టాన్ని ఆపడం మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుంది.

మళ్లీ చెప్తాను. బయటిది పోవచ్చు. లోపలిది మనం ఇస్తే తప్ప పోదు.

ఆ తల్లి తర్వాత ఏం చేసింది? పోయినవి ఏమిటి, పోనివి ఏమిటి అని ఒక్కొక్కటే లెక్క తీయించింది. ముందు పోయినవి. పదవి, సంపద, కీర్తి. ఇవి అదృష్టం ఇచ్చినవి అంది. అదృష్టం ఒక చక్రం తిప్పుతుంది. కింద ఉన్నవాడిని పైకి తెస్తుంది, పైనున్నవాడిని కిందికి దించుతుంది. ఆ తిప్పడమే దాని స్వభావం. పైకి వెళ్లిన రోజు ఆ స్వభావాన్ని ఒప్పుకున్నావు, దిగే రోజున మోసం అంటే ఎలా అని అడిగింది.

మన మాటల్లో చెప్పుకుంటే, పదవి అద్దె ఇల్లు. అందులో ఎన్నేళ్లున్నా అది అద్దె ఇల్లే. ఖాళీ చేయమన్న రోజు బాధ పడతాం. గడువు ఇవ్వకుండా బయటికి నెడితే అది అన్యాయమే, అడగవలసిందే. అయినా వెళ్లేటప్పుడు మన సామాను మనతో వస్తుంది. గోడలు వాళ్లవి, సామాను మనది. నేర్చుకున్న చదువు, చేసిన మంచి, ఎవరి మీదా అబద్ధం చెప్పని నోరు, ఇవన్నీ మన సామాను.

తర్వాత పోనివి లెక్క పెట్టించింది. నిన్ను పెంచిన సిమ్మాకస్ ఇంకా బతికే ఉన్నాడు, నీకు జరిగిన దానికి బాధ పడుతున్నాడు అంది. నీ భార్య ఉంది, నీ కోసం ఏడుస్తోంది అంది. నీ కొడుకులు ఉన్నారు అంది. ఇంకో మాట కూడా అంది. మంచిరోజుల్లో చుట్టూ చేరినవాళ్లలో నీవాళ్లు ఎవరో, కానివాళ్లు ఎవరో నీకు తెలియలేదు. ఈ చెడ్డరోజు వచ్చి వాళ్లను వేరు చేసి చూపించింది. ఆ తెలివిడి కోసం అయితే ముందు నువ్వు ఎంత డబ్బైనా ఇచ్చి ఉండేవాడివి అంది.

ఈ లెక్క తీయడం మన ఇళ్లలో ఎలా పనికొస్తుందో చూద్దాం. మన ఊళ్లో ఒకావిడ ఉందనుకోండి. ఏళ్ల తరబడి డ్వాక్రా సంఘం లెక్కలు ఆవిడే రాస్తోంది. ఒకరోజు లెక్కలో ఇరవై వేలు తేడా వచ్చింది. ఆవిడే వాడుకుందని ఒకరు అన్నారు. ఇద్దరు అవునన్నారు. మిగతావాళ్లు తల వంచుకున్నారు. ఆవిడ ఒక్క రూపాయి ముట్టుకోలేదు. అయినా పుస్తకాలు ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నారు. ఆవిడ పేరంటాలకు వెళ్లడం మానేసింది. వీధి తలుపు వేసుకుని కూర్చుంటోంది. నలుగురు నవ్వుతూ పోతుంటే తనను చూసే నవ్వారనుకుంటోంది.

ఆవిడకు ఏం పోయింది? లెక్కలు రాసే పని పోయింది. ఊళ్లో పేరుకు మచ్చ పడింది. ఇవి చిన్న నష్టాలు కావు. పోనీలే అనకూడదు. మరి ఏం పోలేదు? నేను తీయలేదన్న నిజం ఆవిడ దగ్గరే ఉంది. దాన్ని ఏ తీర్మానమూ కొట్టేయలేదు. లెక్క వేయగల తెలివి అలాగే ఉంది. ఇన్నేళ్లూ పైసా పైసా రాసిన శ్రద్ధ అలాగే ఉంది. ఇంటికొచ్చి, నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసమ్మా అన్న మనిషి ఒక్కరైనా ఉంటే, ఆ మనిషి ఉంది.

ఈ లెక్క తీసుకున్నాక ఆవిడ తలుపు తీయగలదు. బ్యాంకు పాస్‌పుస్తకం, తీర్మానాల పుస్తకం ముందు పెట్టండి, ఒక్కో పద్దూ సరి చూద్దాం అని సమావేశంలో అడగగలదు. ఏడుస్తూ కాకుండా, తిట్టకుండా, నిలబడి అడగగలదు. ఓదార్పు వల్ల వచ్చే లాభం ఇదే. ఓదార్పు మనిషిని పడుకోబెట్టదు. లేపి కూర్చోబెడుతుంది.

అయితే మీలో కొందరికి ఒక కోపం రావచ్చు. అన్యాయం చేసినవాడు హాయిగా తిరుగుతున్నాడు కదా, మేడలు కడుతున్నాడు కదా, మరి నేను లోపల ఏం ఉందో లెక్క పెట్టుకుంటూ కూర్చోవాలా అని. ఈ కోపం న్యాయమైనదే. బొయీథియస్ కూడా ఇదే అడిగాడు. చెడ్డవాళ్లు ఎందుకు బాగుపడుతున్నారు అని అడిగాడు.

ఆ తల్లి ఈ జవాబు మొదట్లో చెప్పలేదు. ముందు తేలిక మందులు ఇస్తాను, ఒళ్లు తేరుకున్నాక ఘాటు మందులు ఇస్తాను అంది. మనం కూడా ఎవరినైనా ఓదార్చేటప్పుడు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. దెబ్బ తగిలిన రోజే పెద్ద పెద్ద మాటలు చెప్పకూడదు.

ఇక ఆ ఘాటు మందు ఏమిటి? అన్యాయం పడ్డవాడి కంటే అన్యాయం చేసినవాడే ఎక్కువ దౌర్భాగ్యుడు అన్న మాట. ఇది ఇంకా పాతది. ఏథెన్సులో సోక్రటీస్ అనే తత్త్వవేత్త ఈ మాట అన్నట్టుగా ప్లేటో తన గోర్గియస్ అనే సంభాషణలో రాశాడు. సోక్రటీస్‌నూ ఆ ఊరు సామాన్యశకానికి పూర్వం 399లో విషం తాగించి చంపింది. ఈ మాట వినగానే నమ్మబుద్ధి కాదు. కొంచెం ఆలోచిద్దాం. నష్టపోయినవాడు నష్టపోయాడు, కానీ మనిషిగా చెడిపోలేదు. అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడు ఆ రోజు గెలిచాడు, కానీ తనలోని మనిషిని చెడగొట్టుకున్నాడు. శరీరానికి రోగం లాంటిదే మనసుకు దుర్మార్గం అంటుంది ఆ తల్లి. కాబట్టి తప్పు చేసినవాడిని న్యాయస్థానానికి తీసుకెళ్లడం, రోగిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం లాంటిదే అంటుంది.

చూశారా, న్యాయస్థానానికి వెళ్లొద్దని ఆమె చెప్పలేదు. వెళ్లమనే చెప్పింది. పగతో రగిలిపోతూ వెళ్లొద్దంది. పగ మనల్ని కాలుస్తుంది. న్యాయం అడగడానికి పగ అక్కర్లేదు. నిజం చాలు, ఓపిక చాలు.

ఈ తేడా మనకు చాలా అవసరం. మన ఇళ్లలో ఓదార్పు పేరుతో ఎన్ని నోళ్లు మూయించామో తలుచుకోండి. అత్తింట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లకు, నీ రాత ఇంతే, సర్దుకో అని చెప్తాం. కూలి ఎగ్గొడితే, పెద్దవాళ్లతో మనకెందుకు అని చెప్తాం. అది తత్త్వం కాదు. అది అన్యాయానికి మనం చేసే సాయం. బొయీథియస్ చెరసాలలో కూర్చుని కూడా తనకు జరిగింది అన్యాయమనే రాశాడు. ఆ మాటను చివరిదాకా వెనక్కి తీసుకోలేదు.

మరి ఆయనకేమైంది? తత్త్వశాస్త్రం చెరసాల తలుపులు తెరవలేదు. దాదాపు 524లో బొయీథియస్‌ను చంపేశారు. ఆ తర్వాత సిమ్మాకస్‌నూ చంపేశారు. 526లో థియోడోరిక్ చనిపోయాడు. ఆయన కూతురు అమలసుంత అధికారంలోకి వచ్చాక, ఇద్దరి ఆస్తులూ వాళ్ల పిల్లలకు తిరిగి ఇచ్చింది. ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఆయన భార్య రుస్తిసియానా గురించి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల తర్వాత రోము నగరాన్ని శత్రువులు ముట్టడించారు. ఊరు ఆకలితో అలమటించింది. ఆమె తన సంపదంతా ఆకలిగొన్నవాళ్లకు పంచిపెట్టింది. చివరికి తానే రొట్టె ముక్క కోసం ఇల్లిల్లూ తిరగవలసి వచ్చింది. ఈ సంగతి ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. భర్తను చంపిన లోకం మీద ఆమె కసి పెంచుకుని ఉంటే ఎవరు తప్పు పట్టగలరు? అయినా ఉన్నదంతా పదిమందికీ పెట్టింది. ఆమెలోని మంచితనం దాకా ఆ అన్యాయం రాలేకపోయింది.

ఇక ఆ పుస్తకం. దాన్ని ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో పాత ఇంగ్లీషులోకి తెచ్చారు. 14వ శతాబ్దంలో చాసర్ అనే మహాకవి అనువదించాడు. 1593లో ఎలిజబెత్ రాణి స్వయంగా అనువదించింది. రాజులూ రాణులూ ఒక ఖైదీ రాసిన మాటల్లో ధైర్యం వెతుక్కున్నారు. బొయీథియస్ మీద అబద్ధం చెప్పినవాళ్ల పేర్లు మనకు తెలుస్తున్నాయంటే, ఆయన తన పుస్తకంలో రాయబట్టే.

సమయం దగ్గర పడింది. చెప్పిందంతా ఒక్కసారి గుర్తు చేస్తాను.

మీకు అన్యాయం జరిగితే, ముందు దాన్ని దాచకండి. నమ్మదగ్గ మనిషి దగ్గర మొత్తం చెప్పండి. చెప్పలేకపోతే కాగితం మీద రాయండి. తర్వాత, ఏం పోయింది, ఏం పోలేదు అని లెక్క తీయండి. పోయినదాన్ని తక్కువ చేయొద్దు. మిగిలినదాన్ని మరిచిపోవద్దు. ఆ తర్వాత లేచి న్యాయం అడగండి. చెప్పడం, లెక్క తీయడం, అడగడం. ఈ వరస తప్పకండి.

ఇంకొక్క మాట. మీకు కాకుండా మీ పక్కింటివాళ్లకు అన్యాయం జరిగితే, నిప్పు లేనిదే పొగ రాదని అనకండి. వాళ్లింటికి వెళ్లండి. కూర్చోండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. మీరు నమ్మితే, నమ్ముతున్నానని పైకి చెప్పండి. వాళ్ల తరఫున నిలబడవలసి వస్తే నిలబడండి. అన్యాయం పడ్డ మనిషికి తన విలువ గుర్తు చేయడానికి ఒక్క మనిషి తోడుంటే చాలు. ఆ ఒక్క మనిషి మీరే కావాలని నా కోరిక.